పీల్చితే.. ప్రాణాలకే ముప్పు

మాదకద్రవ్యాలనగానే గంజాయి, హెరాయిన్‌ల పేర్లే స్ఫురిస్తాయి. పిల్లల చేతికి సులువుగా చిక్కేది మాత్రం పంక్చర్లు వేసే సొల్యూషన్. సీసాల్లోని వైట్‌నర్, థిన్నర్‌ల చిల్లర విక్రయాన్ని కేంద్రం 2012లో నిషేధించినా, సొల్యూషన్ సైకిల్ దుకాణాల్లో దొరుకుతూనే ఉంది. దాన్ని గుడ్డపై పూసో, ప్లాస్టిక్ సంచిలో పోసో పీలుస్తారు.

అందులోని టోలుయీన్ తదితర ద్రావకాలు ఊపిరితిత్తుల గుండా క్షణాల్లో మెదడుకు చేరతాయి. మత్తు నిలిచేది కొద్ది నిమిషాలే. అందుకే మళ్లీ మళ్లీ పీలుస్తారు. క్రమేణా నాడీతంతువులపై ఉండే కొవ్వుపొర దెబ్బతిని జ్ఞాపకశక్తి సన్నగిల్లుతుంది, నడక తడబడుతుంది. మూత్రపిండాలూ పాడవుతాయి.

ఇవన్నీ కాలక్రమంలో వచ్చేవి. గుండె లయ తప్పితే మాత్రం తొలిసారి పీల్చిన బాలుడైనా అక్కడికక్కడే మరణించవచ్చు. పీలుస్తూ కనిపించిన పిల్లలను గద్దించడం, తరమడం మనకు అలవాటు. అది అత్యంత ప్రమాదకరం. ద్రావకం ప్రభావంలో ఉన్న గుండె, హఠాత్తుగా కలిగే భయాన్ని, పరుగును తట్టుకోలేదు. సంచిని మెల్లగా తప్పించి, గాలి తగిలేచోట కూర్చోబెట్టి, నెమ్మదిగా మాట్లాడాలి. మందలింపు మరునాటికి వాయిదా వేయవచ్చు. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయాలి.

నోటి చుట్టూ పొక్కులు, దుస్తులపై మరకలు, శ్వాసలో రసాయనాల వాసన గమనిస్తే తల్లిదండ్రులు 14446 నంబరులో ఉచితంగా సలహా పొందవచ్చు.