మబ్బులో 178 సెకన్లు

చలికాలం పొద్దున మా మెట్‌పల్లి నుంచి కోరుట్ల పోయే హైవే మీద మంచు కమ్మితే ఏం చేస్తాం? బండి స్లో చేస్తాం. మరీ ఎక్కువైతే పక్కకి ఆపి టీ తాగుతాం. గాల్లో ఉన్న చిన్న విమానాన్ని అలా ఆపలేం.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఒక ప్రయోగం చేశారు. మీటర్లు చూసి నడపడం రాని 20 మందితో విమానం నడిపిస్తూ, మబ్బులో ఉన్నట్టు బయట ఏమీ కనిపించకుండా చేశారు. 20 మందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లలో! పక్కన ట్రైనర్ ఉన్నాడు కాబట్టి బతికారు.

ఎందుకిలా? మన లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు సన్నని గొట్టాలు ఉంటాయి. తల తిరిగినప్పుడు ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాతోనే మెదడుకి "తిరుగుతున్నాం" అని తెలుస్తుంది. కానీ ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే, కాసేపట్లో ద్రవం కూడా గొట్టంతో సమానంగా తిరుగుతుంది. ఇక సిగ్నల్ రాదు. విమానం ఒక పక్కకి వంగి తిరుగుతున్నా నేరుగా పోతున్నట్టే అనిపిస్తుంది. సెన్సర్ తప్పు డేటా ఇస్తోంది, ఎర్రర్ మెసేజ్ మాత్రం లేదు అన్నమాట.

వంగిన విమానం కిందికి జారుతుంది. ఎత్తు తగ్గుతోందని పైలట్ కంట్రోల్ వెనక్కి లాగుతాడు. రెక్కలు వంగి ఉండగా లాగితే మలుపు ఇంకా బిగుసుకుంటుంది. దీన్నే గ్రేవ్‌యార్డ్ స్పైరల్ అంటారు. 1999 జులై 16 రాత్రి జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ విమానం సముద్రంలో పడిపోయింది. ఆయనకి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు. మసక చీకట్లో దిక్కు తోచకపోవడమే కారణమని విచారణలో తేల్చారు.

మన దగ్గర 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి భీమవరం నుంచి వస్తుండగా, హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిపోయింది. ఆ పొద్దున కూడా బయట సరిగ్గా కనిపించలేదు. నడిపింది ప్రొఫెషనల్ పైలట్. అంటే ఇది కొత్తవాళ్ల సమస్య మాత్రమే అనుకోలేం.

మన దేశంలో 17 ఏళ్లు నిండి, పరీక్షలు పాసై, కనీసం 40 గంటలు నడిపితే ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకోవచ్చు. మన వయసే! ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ మాత్రం వేరే.

178 గురించి చాలామంది చెప్తారు గానీ, ఆ ప్రయోగంలో మిగతా సగం చెప్పరు. అదే 20 మందికి తర్వాత మీటర్లని నమ్ముతూ మెల్లగా వెనక్కి తిరిగే పద్ధతి నేర్పించారు. మళ్లీ పరీక్షిస్తే దాదాపు ప్రతిసారీ క్షేమంగా తిరిగారు. పద్ధతి కొన్ని గంటల్లో వచ్చేస్తుంది. "ఇంత దూరం వచ్చినంక వెనక్కి పోవుడేంది?" అనే ఆలోచనని గెలవడమే కష్టం. మబ్బు ఎదురుగా కనిపిస్తున్నప్పుడే, అందులోకి దూరకముందే, ఆ నిర్ణయం తీసుకోవాలి.