టైమ్ మెషీన్‌కి పెట్రోలు జబ్బు!

హీరో కారెక్కాడు. తాళం తిప్పాడు. కారు మూలిగిందే కానీ స్టార్టు కాలేదు. అవతల గడియారం మీద పిడుగు పడడానికి ఇంకా కొద్ది సెకన్లే వ్యవధి! హాల్లో జనమంతా కుర్చీల అంచుల మీదికి వచ్చేశారు. హీరో విసిగిపోయి తల తీసుకెళ్ళి స్టీరింగ్‌కేసి కొట్టుకున్నాడు. అంతే, ఇంజను ఠపీమని అందుకుంది. హాలంతా ఈలలు!

'బ్యాక్ టు ది ఫ్యూచర్' (1985) చూసినవాళ్ళు ఆ సీను మర్చిపోలేరు. రాబర్ట్ జెమెకిస్ డైరెక్షన్. మైకేల్ జె. ఫాక్స్ హీరో, క్రిస్టఫర్ లాయిడ్ పిచ్చి సైంటిస్టు. నన్నడిగితే మాత్రం అసలు హీరో ఆ వెండిరంగు కారే! దాని పేరు డిలోరియన్. స్టార్టు కాకపోవడం రచయితల కల్పన అనుకుంటున్నారేమో, ఏళ్ళ తరబడి షెడ్డులో పడుకోబెట్టిన డిలోరియన్ ఓనర్లకి అది సొంత కథ!

ముందు ఈ స్టారుగారి బయోడేటా చూద్దాం. పుట్టింది 1981లో, ఉత్తర ఐర్లండ్‌లో బెల్‌ఫాస్ట్ దగ్గర డన్‌మరీ అనే చోట. రూపం దిద్దినవాడు ఇటలీ డిజైనర్ జార్జెటో జుజారో. కింది చట్రం పని ఇంగ్లండుకి చెందిన లోటస్ కంపెనీది. ఇంజను ఫ్రాన్సు నుంచి వచ్చింది. ప్యూజో, రెనో, వోల్వో మూడు కంపెనీలూ కలిసి తయారుచేసుకున్న ఆరు సిలిండర్ల ఇంజనది. అచ్చంగా మల్టీస్టారరే! ఒంటికి రంగు లేదు, మనింట్లో గిన్నెల్లాగా మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలు. తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి.

గ్లామరు సరే, ఫైటింగు మాత్రం అంతంతమాత్రం. ఇంజను వెనకాల వుంది గానీ దాని బలం 130 హార్స్ పవరే. సినిమాలో కారు గంటకి 88 మైళ్ళ వేగం అందుకుంటేనే కాలంలోకి దూకుతుంది కదా, అసలు కారు స్పీడోమీటరు 85 దగ్గరే ఆగిపోతుంది! ఇంకో గుట్టు కూడా చెప్పేస్తాను. సినిమాలో మీరు విన్న ఆ గర్జన ఈ కారుది కాదు, పోర్షే 928ది. అవును, హీరోగారికి డబ్బింగు చెప్పారు!

కారుకి తన పేరే పెట్టుకున్న జాన్ డిలోరియన్ 1982 అక్టోబరులో మాదకద్రవ్యాల కేసులో అరెస్టయ్యాడు. 1984లో కోర్టు నిర్దోషి అని తేల్చింది గానీ, ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది. తయారైనవి సుమారు 9,000 కార్లు. కంపెనీ చచ్చిపోయాక కారు స్టారయింది!

ఇక జబ్బు సంగతి. ఇంజను ఎంత గట్టిదైనా పెట్రోలు నిలవుంటే పాడవుతుంది. నా పాత స్కూటరు ఒకసారి ఆర్నెల్లు మెట్లకింద పడుంది. పక్కకి వంచాను, కిక్కులు కొట్టాను, కాలు వాచింది తప్ప ఫలితం లేదు. మెకానిక్కు మూత తీసి వాసన చూసి, "పెట్రోలు చచ్చిపోయింది సార్!" అన్నాడు. కార్బురేటర్ జెట్‌లో జిగురు పేరుకుపోయిందట. సూది పెట్టి పొడిచాడు, పని అయిపోయింది.

డిలోరియన్‌కి సూదితో సరిపోదు. దీంట్లో కార్బురేటరుండదు. బాష్ కంపెనీ వారి కె-జెట్రానిక్ అనే పెట్రోలు పిచికారీ పద్ధతి వుంది. ఇంజను పీల్చే గాలి ఒక గుండ్రటి పళ్ళేన్ని పైకి లేపుతుంది. పళ్ళెం లేచినకొద్దీ దాని మీట ఒక సన్నటి ఉక్కు కడ్డీని పైకి నెడుతుంది. కడ్డీ లేచినంత మేరా ఆరు చీలికలు తెరుచుకుని ఆరు సిలిండర్లకీ పెట్రోలు వెళుతుంది. ఎక్కువ గాలికి ఎక్కువ పెట్రోలు, అంతే సూత్రం. చాలా అందమైన ఏర్పాటు! కానీ వెంట్రుక కన్నా సన్నటి సందులో తిరిగే ఆ కడ్డీకి పాత పెట్రోలు జిగురు పట్టిందా, బిగుసుకుపోతుంది. కడ్డీ కదలకపోతే కారు కదలదు.

వైద్యం ముందు నుంచి మొదలెట్టాలి. ఇంజను వెనక వుంటే టాంకు ముందు వుంది మరి! స్టెప్నీ టైరు తీస్తే దాని కింద మూత, ఆ మూత తీస్తే టాంకు. టాంకు ప్లాస్టిక్కుది కాబట్టి తుప్పు పట్టదు. లోపల వేలాడే పంపూ, దాని రబ్బరు గొట్టమే కొంపముంచేవి. నానిన రబ్బరు మెత్తబడి, పంపు పీల్చగానే బుగ్గలు లోపలికి పోయినట్టు అతుక్కుపోతుంది. పాత పెట్రోలు వంపేసి, టాంకు కడిగి, పంపూ, గొట్టమూ, ఫిల్టరూ కొత్తవి వెయ్యాలి. ఆ తర్వాతే వెనక్కి వెళ్ళడం. ఈ వరస తప్పితే టాంకులోని మడ్డి అంతా కొత్త సామాన్లలోకే వస్తుంది.

నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. ఆరు ఇంజెక్టర్లూ ఊడదీసి ఆరు గాజు సీసాల్లో పెడతారు. పంపు నడిపిస్తూ పళ్ళేన్ని చేత్తో ఎత్తుతారు. ఆరు సీసాల్లోనూ ఒకే మట్టం వరకు పెట్రోలు చేరాలి, అదీ మంచుతుంపరలా పడాలి. బొట్లుబొట్లుగా కారిందంటే ఆ ఇంజెక్టరు పని అయిపోయినట్టే. వేడి మీద ఆపిన కారు మళ్ళీ స్టార్టు కాకపోతే ముందు అనుమానించాల్సింది అక్యుమ్యులేటర్‌ని. పంపు ఆగాక కూడా పైపుల్లో ఒత్తిడి నిలబెట్టే డబ్బా అది.

పెట్రోలు పనికోసం ఇంటేక్ మానిఫోల్డు విప్పినప్పుడు దాని కిందికి తొంగిచూడక తప్పదు. రెండు వరసల సిలిండర్ల మధ్య వున్న పల్లానికి అభిమానులు పెట్టుకున్న పేరు 'మృత్యులోయ'! దుమ్మూ, ఆకులూ, నీళ్ళూ అక్కడ చేరి అల్యూమినియం బ్లాకుని తినేస్తాయి. చిల్లి పడితే నీళ్ళు కారిపోయి ఇంజను ఉడికిపోతుంది. అక్కడ శుభ్రం చేసి, ఆ అడుగున దాక్కున్న రబ్బరు గొట్టాలూ, వాటర్ పంపూ అప్పుడే మార్చేస్తే మళ్ళీ విప్పే బాధ తప్పుతుంది.

అన్నిటికన్నా భయపడాల్సింది నిప్పుకి. ఈ పైపుల్లో పెట్రోలు ఒత్తిడి మామూలు కారు టైరులో గాలికి రెండింతల పైమాటే. ప్రతి జాయింటుకీ అటూ ఇటూ రాగి వాషర్లుంటాయి. విప్పిన ప్రతిసారీ కొత్తవి వెయ్యాలి. పోనీలే అని పాతవే బిగించారా, సన్నటి ధార చిమ్మి వేడి ఇంజను మీద పడుతుంది. చిల్లర డబ్బుల వాషరు కారుని బూడిద చెయ్యగలదు. పక్కన మంటలార్పే సిలిండరు లేకుండా ఈ పనికి చెయ్యి పెట్టకూడదు.

షూటింగులో వాడిన ముఖ్యమైన కారుకే ఏం గతి పట్టిందో తెలుసా? హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోలో ఏళ్ళకేళ్ళు ఎండకీ వానకీ నిలబడింది. చూడ్డానికొచ్చినవాళ్ళు సామాన్లు పీక్కుపోయారు! చివరికి 2012లో అభిమానుల బృందమే పూనుకుని దానికి పూర్వరూపం తెచ్చింది. తర్వాత లాస్ ఏంజెలిస్‌లోని పీటర్సన్ మ్యూజియంకి చేరింది.

అన్నట్టు, 1990లో వచ్చిన మూడో భాగం గుర్తుందా? 1885లోకి వెళ్ళిన కారుకి పెట్రోలు పైపు తెగుతుంది. ఆ రోజుల్లో పెట్రోలు బంకెక్కడుంది? డాక్టరుగారు విస్కీ పోసి చూస్తారు, ఇంజెక్షన్ మానిఫోల్డు పేలిపోతుంది! కాలాన్నే దాటే యంత్రం ఆఖరికి గుర్రాల చేత లాగించుకుని, రైలింజను చేత తోయించుకుంది. మళ్ళీ ఆ సినిమా చూసేటప్పుడు ఆ పైపు తెగే సీను దగ్గర మాత్రం నవ్వకండి!