క్రేను లారీలో నూనె ఒత్తిడి

నల్లరేగడి నేల తడిసినచో లారీ చక్రము ఇరుసుదాక దిగబడును. అయిజనుండి గద్వాలకు, ఎఱ్ఱవల్లి చౌరస్తాకు, రాయచూరు వైపునకు పోవు త్రోవలలో తిరుగువారికి ఈ సంగతి క్రొత్త గాదు. దిగబడిన బండినో, ఒరిగిన బండినో లేపుటకు వచ్చునది క్రేను లారీ. మా ప్రాంతమున నేను చూచిన క్రేను లారీలు చాలవఱకు ఆ పనికై పుట్టినవి కావు. సరకు మోసి ముసలిదైన డీజిలు లారీని కొని, వెనుక తొట్టి తీసివేసి, ఇనుప దూలమును, ఇనుపత్రాడు చుట్టుకొను డ్రమ్మును, నూనె పంపును బిగించి తయారు చేసినవి. ఇట్లు మార్చిన బండిలో నూనె ఒత్తిడి ఎందుకు పడిపోవునో, దానినెట్లు కనిపెట్టవలెనో ఈ ప్రసంగమున చెప్పెదను. ఇందు నేను చేసిన పొరపాటొకటి కలదు. దానిని దాచను.

గేరుపెట్టె ప్రక్కనుండి ఇంజను బలమును తీసికొను అమరికను మెకానికులు పి.టి.ఓ. అందురు. అది పంపును త్రిప్పును. పంపు టాంకీలోని నూనెను పీల్చి సిలిండరులోనికి నెట్టును. అందలి పిస్టను దూలమును లేపును. మూసియుంచిన ద్రవముపై వేసిన ఒత్తిడి అన్ని దిక్కులకు సమానముగా ప్రాకునని 17వ శతాబ్దమున పాస్కలు కనుగొనెను. దానినాధారముగా చేసికొని 1795లో ఇంగ్లండున జోసెఫు బ్రామా నీటి ఒత్తిడి యంత్రమునకు పేటెంటు పొందెను. పిస్టను అడ్డుకొలత 10 సెంటీమీటరులైనచో దాని వైశాల్యము సుమారు 78 చదరపు సెంటీమీటరులు. చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడి యున్నచో ఆ పిస్టను 11 టన్నులకు పైగా నెట్టగలదు. ఒత్తిడి 50కి దిగినచో నాలుగు టన్నులైన నెట్టలేదు.

ఇక్కడ చాలమంది పొరబడు మాట యొకటి యున్నది. పంపు ఒత్తిడిని పుట్టించునని తలతురు. పంపు పుట్టించునది ప్రవాహము మాత్రమే. ఆ ప్రవాహమునకు బరువు అడ్డుపడినప్పుడు ఒత్తిడి పుట్టును. తోటకు నీరు పట్టు గొట్టము చివర బొటనవ్రేలు అడ్డము పెట్టి చూడుడు, తెలియును. కనుక ఒత్తిడి లేదన్నచో అడుగవలసినవి ఇవి: పంపునకు నూనె అందుచున్నదా? అందినదానిని పంపు నెట్టుచున్నదా? నెట్టినది దారిలో ఎక్కడనైన తప్పించుకొనిపోవుచున్నదా?

అమెరికాలో 1990ల దశకమున వచ్చిన కొన్ని డీజిలు ఇంజనులలో ఇంజను కందెననూనెనే అధిక ఒత్తిడికి తెచ్చి, దాని బలముతో ఇంధనమును చిమ్మునట్లు చేసిరి. అందు చదరపు అంగుళమునకు సుమారు 500 పౌండ్ల నూనె ఒత్తిడి రానిదే ఇంజను అంటుకొనదు. వానిని బాగుచేయువారికిని ఈ మూడు ప్రశ్నలే గతి.

ఇక నా సంగతి. ఒక మార్చి నెలలో మిరప బస్తాల లారీ యొకటి కాలువకట్టమీదినుండి జారినది. దానిని లేపుటకు పోయిన క్రేను లారీ, బరువు జానెడెత్తు లేవగానే నిలిచిపోయినది. గొలుసు సరిచేయుటకు పిల్లవాడొకడు ఆ బరువు క్రిందికి దూరియుండెనట. దేవుని దయవలన సిలిండరు నోటనున్న నిలుపుడు వాల్వు మంచిది. బరువు క్రిందికి రాలేదు. మరునాడు యజమాని బండిని నా యొద్దకు తెచ్చి, "పొద్దున మంచిగనే లేస్తది అన్నా, మధ్యాన్నానికి సచ్చిపోతది" అనెను.

గేజి తగిలించి చూచితిని. ఉదయము 150 చూపినది. ఎండ ముదిరి, బండి రెండు గంటలు పనిచేసిన పిమ్మట 60 దాటలేదు. నూనె వేడెక్కినచో పలుచనగును. మనవారు వాడు 68 నంబరు నూనె చిక్కదనము 100 డిగ్రీల వేడియందు, 40 డిగ్రీలయందున్నదానిలో ఎనిమిదవ వంతునకు దిగును. అరిగిన పంపులో పలుచని నూనె పండ్ల సందులనుండి వెనుకకు జారును. ఇంతవఱకు నా తర్కము సరియే. దానితో తృప్తిపడి క్రొత్త పంపు కొనిపించితిని. ఆయనకది చిన్న మొత్తము గాదు. రెండవనాటి మధ్యాహ్నము గేజి మరల 60 దగ్గరనే నిలిచినది.

అప్పుడు గాని నేను చెవియొగ్గలేదు. పాత పంపు మొదటిరోజుననే, లోపల గులకరాళ్లు దొర్లుచున్నట్లు, గీపెట్టుచు మొఱపెట్టుకొన్నది. క్రొత్తదియు అట్లే యరచుచున్నది. ఇంజను వేగము పెంచి చూచితిని. అరిగిన పంపైనచో వేగము పెరిగినకొలది గేజి కొంతైనను పైకి పోవును. ఇక్కడ అరుపు హెచ్చినది, ముల్లు మాత్రము కదలలేదు. అనగా పంపు ఆకలితో నున్నది. టాంకీ మూత తీసి చూడగా నురుగు లేదు, నూనె పాలవలె తెల్లబడలేదు. కనుక గాలి చొరబడుట లేదు. నూనెయే అందుటలేదు.

పంపు ముందు 150 కిలోల బలమున్నను, పంపు వెనుక నూనెను తోయునది వాయుమండలపు ఒత్తిడి యొక్కటే. అది చదరపు సెంటీమీటరుకు ఒక్క కిలో. గేరు పంపులకు పీల్పు గొట్టమున శూన్యము పాదరసపు కొలతలో అయిదారు అంగుళములకు మించరాదు. మార్పు చేసినవారు డ్రమ్మునకు చోటు కావలసి టాంకీని వెనుకకు జరిపిరి. పీల్పు గొట్టము పొడవైనది, ఒకచోట మెడ వంచినది. పైగా వారు వేసినది నీళ్లకు వాడు రబ్బరు గొట్టము. లోపల తీగచుట్టు లేదు. చల్లగా నున్నంతసేపు గట్టిగా నిలిచి, వేడెక్కగానే మెత్తబడి ఆ వంపులో చప్పిడియైపోవుచుండెను. కోసి చూడగా నూనెకు నానిన లోపలి పొర ఊడి నాలుకవలె వ్రేలాడుచున్నది.

తీగచుట్టుగల వెడల్పు గొట్టమును, వీలైనంత పొట్టిగా వేసితిమి. రబ్బరు తునకలు చేరిన జల్లెడను, టాంకీని కడిగి క్రొత్త నూనె పోసితిమి. పాత పంపునే మరల బిగించితిని. మధ్యాహ్నపు టెండలో 150 కదలలేదు. క్రొత్త పంపును అంగడివారు తిరిగి తీసికొనలేదు. దాని వెలలో సగము నేను భరించితిని.

ఈ వెదకుటలో చేయరానివి రెండు చూచితిని. బండి నడుపువాడు అంతకుముందే ఒత్తిడి చాలలేదని రిలీఫు వాల్వు మరను బిగించియుండెను. నూనె అందని పంపునకు ఆ మర ఏమి చేయగలదు? నూనె అందిననాడు మాత్రము గొట్టమును పగులగొట్టును. నేను గేజి చూచుచు దానిని తిరిగి వదులు చేసితిని. రెండవది మరింత భయంకరము: కారుచున్నదేమోయని ఒత్తిడిగల గొట్టమును అరచేతితో తడవుట. సూదిమొనయంత రంధ్రమునుండి వచ్చు నూనె చర్మమును చీల్చి లోనికి పోవును. మొదట నొప్పియు అంతగా ఉండదు. గంటలలో వ్రేలు చెడిపోవును. డీజిలు నూనె ఇట్లు చేతిలోనికి దూరిన సంగతి 1937లోనే అమెరికా వైద్యపత్రికలో వచ్చినది. ఇట్లు జరిగినచో కట్టుకట్టి యింటికి పంపక, వెంటనే శస్త్రచికిత్స చేయు ఆసుపత్రికి కొనిపోవలెను. కారుట కనిపెట్టుటకు అట్టముక్క చాలును.

కాలువకట్టకు మరల పోయినప్పుడు ఆ పిల్లవాడు గొలుసును బరువు లేవకముందే, ప్రక్కనుండి కొంకితో లాగి సరిచేసెను.