మొక్కా భూతమూ తోబుట్టువులే

మోకాళ్ల నొప్పితో ఎక్స్‌రే తీయించుకున్నవాళ్ల రిపోర్టులో ‘ఆస్టియోఫైట్స్’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. తామర తెచ్చిపెట్టే శిలీంధ్రాలను చర్మవైద్యులు ‘డెర్మటోఫైట్స్’ అంటారు. విదేశానికి పోయే బంగినపల్లి మామిడికి ‘ఫైటోశానిటరీ సర్టిఫికెట్’ కావాలి. బైపీసీ పిల్లలేమో బ్రయోఫైటా, టెరిడోఫైటా అని వల్లె వేస్తుంటారు. వీటన్నిటిలో ఉన్నది ఒకే గ్రీకు ముక్క. మొదట వస్తే ‘ఫైటో’, చివర వస్తే ‘ఫైట్’. అర్థమేమిటని ఏ నిఘంటువును అడిగినా ‘మొక్క’ అని చెబుతుంది. మరి మోకాలి ఎముక మీద మొక్కేమిటి? తామర మొక్కెలా అవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు దొరకాలంటే ఈ మాటలను పలుకుబడిని బట్టి కాక పుట్టుకను బట్టి విరిచి చూడాలి. ఆ అలవాటు మన బడుల్లో లేదు. శాస్త్ర పదాలు పిల్లలకు కొరకరాని కొయ్యలు కావడానికి అదొక పెద్ద కారణమని నా అభిప్రాయం.

పొడుగాటి ఇంగ్లిషు మాట ఎదురైతే మనం చేసే పని దాన్ని సిలబుల్స్‌గా, అంటే ఒక్కో ఊపులో పలికే ముక్కలుగా విడగొట్టడం. ఫై-టో-ప్లాంక్-టన్. ఇక్కడ చిక్కేమీ లేదు. పలుకు ఎక్కడ విరిగిందో మూలం కూడా అక్కడే విరిగింది. కానీ వృక్షశాస్త్రానికి ఒకప్పుడు వాడిన ‘ఫైటాలజీ’ని చూడండి. ఇంగ్లిషువాడు దాన్ని ఫై-టాల్-అ-జీ అని పలుకుతాడు. ఇలాంటి మాటల్లో ఊనిక చివరి నుంచి మూడో ముక్క మీద పడుతుంది. ఆ బరువుకి మొదటి మాట తోక, రెండో మాట తల అతుక్కుపోయి ‘టాల్’ అనే ముక్క తయారైంది. అందులో ఫైటో మిగల్లేదు, చదువు అనే అర్థమిచ్చే లోగియా కూడా మిగల్లేదు. బంగాళాదుంప, టమాటా పంటలను మాడ్చే తెగులుకారకం ‘ఫైటోఫ్తోరా’ది మరీ అన్యాయం. మూలాన్ని బట్టి అది ఫైటో, ఫ్తోరా అనే రెండు మాటలు. మొక్క, నాశనం. ఇంగ్లిషు నోట్లో పడి ఫై-టాఫ్-థ-ర అయ్యేసరికి రెండో మాట మొదటి హల్లు వెళ్లి మొదటి మాటకు తగులుకుంది. తెలుగు లిపిలో రాస్తే ఈ నష్టం జరగదు. ఫై-టో-ఫ్తో-రా. సంయుక్తాక్షరం తర్వాతి అచ్చుతోనే ఉంటుంది కాబట్టి ఫ్తోరా చెక్కుచెదరకుండా నిలిచింది. మాట మొదట రాగల హల్లుల గుంపును విడదీయకూడదని పాత గ్రీకు వ్యాకరణవేత్తలు కూడా నియమం పెట్టుకున్నారు. అంటే ఈ మాటను వాళ్లు విరిచే పద్ధతికి ఇంగ్లిషు కన్నా మన రాతే దగ్గర.

ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే మూలం ఫైటో కూడా కాదు, ‘ఫైట్’ మాత్రమే. చివరి ‘ఓ’ రెండు మాటలను కలిపే అతుకు. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే ఆ అతుకు రాలిపోతుంది. దక్షిణ అమెరికాలో ఒక తాటిజాతి చెట్టు గింజలు ఏనుగుదంతంలా తెల్లగా, గట్టిగా ఉంటాయి. వాటితో గుండీలు చేసేవారు. ఆ చెట్టు శాస్త్రీయ నామం ‘ఫైటెలిఫాస్’. ఎలిఫాస్ అంటే ఏనుగు, ఏనుగుదంతం కూడా. ఫైటో ఎలిఫాస్ అనకుండా ఫైటెలిఫాస్ అన్నారు. రాముడు, ఇతడు కలిసి రాముడితడు అయినట్టే. ఉత్వసంధి చదువుకున్న తెలుగు పిల్లవాడికి దీన్ని కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

ఇక ఉచ్చారణ. మనం ‘ఫై’ అంటున్నది గ్రీకువాళ్ల పలుకు కాదు, ఇంగ్లిషువాళ్లది. ప్లేటో కాలంలో ఆ మొదటి అక్షరం మన ‘ఫలము’లో పెద్దలు పలికే ఒత్తు ‘ఫ’ వంటిది. పళ్లతో పెదవిని నొక్కి పలికే ‘ఫోను’లోని శబ్దం గ్రీకులో తర్వాతి శతాబ్దాల్లో వచ్చింది. ఆ పక్కనున్న అచ్చు మొదట్లో ఉకారం. కాబట్టి మరీ పాత రూపం దాదాపు ‘ఫుతోన్’. మొలవడం, పుట్టడం, పెరగడం అనే అర్థాలున్న ‘ఫు’ ధాతువు నుంచి వచ్చింది కాబట్టి ‘మొలిచినది, పెరిగినది’ అని దాని అసలు అర్థం. గ్రీకులో ఒత్తు ‘ఫ’ ఉన్నచోట సంస్కృతంలో ‘భ’ ఉండటం యాదృచ్ఛికం కాదు. గ్రీకు ‘ఫెరో’, సంస్కృత ‘భరామి’ రెండూ ‘మోస్తున్నాను’ అనే అర్థంలో పుట్టినవే. గ్రీకు ‘ఫ్రాతేర్’కు జోడీ ‘భ్రాత’. ఈ లెక్కన ‘ఫుతోన్’కు సంస్కృతంలో జోడీ ఏది? ‘భూ’ ధాతువు నుంచి వచ్చిన ‘భూతం’. కలిగినది, పుట్టినది అని అర్థం. మనకు భూతమనగానే దయ్యం గుర్తొస్తుంది గానీ పంచభూతాల్లో, భూతదయలో ఉన్నది ఆ పాత అర్థమే. ఇలాంటిదే ఇంకో జత చెప్పకుండా ఉండలేను. క్షయవ్యాధికి ఒకప్పుడు యూరప్ వైద్యులు వాడిన పేరు గ్రీకు ‘ఫ్థిసిస్’. దాని ధాతువూ మన ‘క్షయ’ ధాతువూ ఒకటే. పైకి ఏ పోలికా కనబడని ఈ రెండు మాటలూ ఒకే రోగానికి పేర్లయ్యాయి.

ఇక్కడ ఒక ఉత్సాహాన్ని అదుపులో పెట్టాలి. గ్రీకు సంస్కృతం నుంచి వచ్చిందన్నమాట అని ఎవరైనా అనవచ్చు. రాలేదు. ఒకటి ఇంకోదానికి తల్లి కాదు, రెండూ తోబుట్టువులు. ఇప్పుడు లేని ఏదో ఒక మూలభాష నుంచి ఇవి వచ్చి ఉండాలని 1786లోనే భాషా పండితుడు విలియం జోన్స్ కలకత్తాలో ప్రతిపాదించాడు. తెలుగుది వేరే కుటుంబమని 1816లో మద్రాసులోని ఇంగ్లిషు అధికారి ఎల్లిస్ నిరూపించాడు. మొక్క, చెట్టు, ఆకు మన సొంత మాటలు. భూతం సంస్కృతం మీదుగా మన ఇంటికి వచ్చిన చుట్టం. ఆ చుట్టరికం పుణ్యమా అని గ్రీకు మాట మనకు ఎంతోకొంత తెలిసినదవుతుంది. అంతకు మించి దాన్ని సాగదీస్తే తెగుతుంది.

‘మొలిచినది’ అన్న అర్థాన్ని చేతిలో పట్టుకుంటే నిఘంటువు తెరవని తలుపులు కొన్ని తెరుచుకుంటాయి. ఆస్టియోఫైట్ అంటే ఎముక మీద మొలిచిన ఎముక, అంటే కీలు అరిగినచోట అంచుల్లో పెరిగే బుడిపె. అక్కడ మొక్క లేదు, మొలక మాత్రం ఉంది. కొత్తగా ఒక విద్యలోకో మతంలోకో వచ్చినవాణ్ని ఇంగ్లిషులో ‘నియోఫైట్’ అంటారు. కొత్తగా నాటినవాడు అని అర్థం. బైబిల్ కొత్త నిబంధన గ్రీకు మూలంలో కొత్త విశ్వాసికి వాడిన మాట అది. తనంతట తాను పుట్టి పెరిగే ప్రకృతికి గ్రీకులు పెట్టిన పేరు ‘ఫుసిస్’, అందులోంచే ఫిజిక్స్ వచ్చింది. జీవుల వర్గీకరణలో వాడే ‘ఫైలం’ కూడా ఈ ఇంటిదే, ఒకచోట పుట్టి పెరిగిన తెగ అని. అయితే క్లోరోఫిల్‌లోని ‘ఫిల్’ ఈ ఇంటిది కాదు. ఆకు అని అర్థమున్న వేరే మాట అది. ఒక్క అక్షరం తేడాతో కనబడే ‘ఫోటో’ కూడా అంతే. కిరణజన్య సంయోగక్రియ పేరులో ఉన్నది వెలుగు అనే అర్థమున్న ఫోటో. ఫైటో, ఫోటో, ఫిల్ మూడూ ఒకే పాఠంలో రావడంతో పిల్లలు తికమకపడటం సహజం.

ఈ వాదానికి గట్టి అభ్యంతరం ఒకటుంది. పుట్టుకార్థం మోసం చేస్తుంది కదా? చేస్తుంది. డెర్మటోఫైట్ అన్న పేరు పడ్డ రోజుల్లో శిలీంధ్రాలను మొక్కల్లోనే లెక్కించేవారు. ఇప్పుడు వాటిది వేరే రాజ్యం, పరిణామ వంశవృక్షంలో అవి మొక్కల కన్నా జంతువులకే దగ్గర. సముద్రంలోని పగడపు జీవుల్ని ‘జూఫైట్స్’ అన్నారు, జంతు-మొక్కలని. అవి పూర్తిగా జంతువులే. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం చేసే ఫైటోప్లాంక్టన్‌లో డయాటములు మొక్కలు కావు, సయనోబాక్టీరియా అసలే కావు. ఇన్ని అబద్ధాలు చెప్పే మూలాన్ని నేర్చుకోవడం దేనికి? నా సమాధానం: అవి అబద్ధాలు కావు, పాత సాక్ష్యాలు. పేరు పెట్టిన నాటికి మనుషులకు ఎంత తెలుసో అవి చెబుతాయి. పైగా అన్ని పేర్లూ ఒకేలా పాతబడవు. ఒక జీవి ఏ జాతిదో చెప్పే పేరు వర్గీకరణ మారగానే చెల్లకుండా పోతుంది. అది ఏం చేస్తుందో చెప్పే పేరు నిలబడుతుంది.

దీనికి ఫైటోఫ్తోరాను మించిన రుజువు లేదు. 1845లో మొదలైన ఐర్లండ్ కరువులో బంగాళాదుంప పంట కుళ్లిపోయి దాదాపు 10 లక్షల మంది చనిపోయారు, అంతమంది దాకా దేశం విడిచిపోయారు. ఆ తెగులు వాతావరణం వల్ల వచ్చిందా, సూక్ష్మజీవి వల్లా అని పండితులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. జర్మన్ శాస్త్రవేత్త ఆంటోన్ డి బరీ కారణాన్ని రుజువు చేసి, 1876లో దానికి ‘మొక్కల్ని నాశనం చేసేది’ అని పేరు పెట్టాడు. శిలీంధ్రమనుకున్న ఆ జీవి అసలు శిలీంధ్రమే కాదనీ, సముద్రంలోని గోధుమరంగు శైవలాలకు చుట్టమనీ తర్వాత తేలింది. జాతి మారింది, పేరు మారలేదు. మార్చాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే అది మొక్కల్ని ఇప్పటికీ నాశనం చేస్తూనే ఉంది. గోదావరి ప్రాంతంలో తాడిచెట్లను మొవ్వుకుళ్లుతో చంపుతున్న జీవికి 1907లో శిలీంధ్ర శాస్త్రవేత్త ఇ.జె. బట్లర్ మొదట వేరే ప్రజాతి పేరు పెట్టి, 1919లో ఫైటోఫ్తోరాలోకి మార్చాడు. దాని రెండో పేరు ‘పాల్మివోరా’, తాటిజాతిని తినేది. ఆ భాగం మాత్రం మొదటి నుంచీ ఉంది.

తెలుగు పారిభాషిక పదాలుండగా ఈ గ్రీకు గొడవెందుకనేది రెండో అభ్యంతరం. తెలుగు పదాలు కావాలి, అందులో నాకు సందేహం లేదు. కానీ వాటినీ ఇలాగే విరిచి చూడాలి. ఫైటోప్లాంక్టన్‌కు మన పాఠ్యపుస్తకాల్లో ‘వృక్ష ప్లవకాలు’ అని ఉంది. ప్లవకం తేలేది. గ్రీకు ప్లాంక్టన్ తిరుగాడేది, నీరు ఎటు తోస్తే అటు పోయేది. తేలడం కన్నా ఈ నిస్సహాయతే వాటి అసలు లక్షణం. ‘ఎపిఫైట్’ అంటే మొక్క మీద ఉన్న మొక్క, అంతే. మన ‘వృక్షోపజీవి’ చెట్టు మీద ఆధారపడి బతికేదన్న భావమిస్తుంది. దాంతో కొమ్మ మీద ఊరికే కూర్చుని గాల్లోని తేమ తాగే వాండా ఆర్కిడ్‌కూ, మామిడిచెట్టు రసాన్ని పీల్చే బదనికకూ తేడా పిల్లలకు చెరిగిపోతుంది. గ్రీకు మూలం తెలిస్తేనే తెలుగు పదాన్ని ఇంకా బాగా తయారుచేసుకోగలం.

ఈ చదువు బడితో ఆగిపోయేది కాదు. ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌లో ‘శానిటరీ’ లాటిన్ నుంచి వచ్చింది, ఆరోగ్యమని అర్థం. ఆ కాగితం మొక్కల ఆరోగ్యానికి సంబంధించినది, సరుకుతోపాటు పురుగో తెగులో దేశం దాటడం లేదని మాత్రమే చెబుతుంది. పండు తింటే మనకు మంచిదని దాని అర్థం కాదు. తలనూనె సీసాల మీదా బలం మాత్రల డబ్బాల మీదా ‘ఫైటో’ అని పెద్దక్షరాల్లో రాసేవాళ్లు మనం ఈ తేడా గమనించబోమన్న ధీమాతోనే రాస్తారు. మొక్క నుంచి వచ్చినదని తప్ప ఆ ముక్క ఇంకే హామీ ఇవ్వదు. సోయాలోని ఫైటోఈస్ట్రోజెన్లు ఫైటోకెమికల్సే. పొగాకులోని నికోటిన్, ముషిణి గింజలోని స్ట్రిక్నిన్ కూడా ఫైటోకెమికల్సే.