వరుస సంఖ్యల వోటు - లెక్కించు విధానములు

సర్పంచి ఎన్నికలోను, శాసనసభ, లోక్‌సభ ఎన్నికలలోను మనము ఒక్క అభ్యర్థికి మాత్రమే వోటు వేయుదుము. అందరికంటె ఎక్కువ వోట్లు వచ్చిన వారు గెలుపొందుదురు. ఈ పద్ధతి సులభమైనది. లెక్క రాత్రికి రాత్రి తేలును. అయితే నలుగురైదుగురు పోటీ చేసినప్పుడు నూటికి 35 వోట్లు పొందినవారు గెలుచుటయు, తక్కిన 65 మంది వారిని కోరకుండుటయు తరచుగా జరుగుచుండును. ఈ చిక్కును తీర్చుటకు ఏర్పడినదే ప్రాధాన్యపు వోటు. వోటరు తనకు మిక్కిలి నచ్చిన అభ్యర్థి పేరు కెదురుగా 1 అనియు, తరువాతివారికి 2, 3 అనియు వరుసగా అంకెలు వేయును. రాష్ట్రపతి, రాజ్యసభ ఎన్నికలలోను, శాసనమండలికి పట్టభద్రులు, ఉపాధ్యాయులు జరుపుకొను ఎన్నికలలోను మన దేశమున ఈ విధానమే అమలులో నున్నది.

అంకెలు వేయుట ఒకటే గాని, వేసిన అంకెలను లెక్కించు విధానములు పెక్కు గలవు. వానిలో భేదమేమో ఒక కల్పిత గ్రామమును తీసికొని చూతము. అక్కడ నూరుగురు వోటర్లు. బండి, దీపము, నాగలి అను మూడు గుర్తులపై ముగ్గురు అభ్యర్థులు నిలిచిరి. 42 మంది బండికి 1, నాగలికి 2, దీపమునకు 3 వేసిరి. 35 మంది దీపమునకు 1, నాగలికి 2, బండికి 3 వేసిరి. మిగిలిన 23 మంది నాగలికి 1 వేసిరి. వారిలో 16 మంది దీపమునకును, 7 గురు బండికిని 2 వేసిరి.

మొదటి అంకెలను మాత్రమే లెక్కించినచో 42 వోట్లతో బండి గెలిచినట్లే. కాని సగమునకు మించి ఎవరికిని రాలేదు గనుక, అందరికంటె తక్కువ వచ్చిన నాగలిని తొలగించి ఆ 23 చీట్లను రెండవ అంకెను బట్టి పంచుట ఒక పద్ధతి. అప్పుడు దీపమునకు 51, బండికి 49 అగును, దీపము గెలుచును. మన రాష్ట్రపతి ఎన్నిక ఈ పద్ధతిపైననే నడచును.

ఫ్రాన్సు దేశమున 18వ శతాబ్దమున బోర్డా అను గణితజ్ఞుడు వేరొక లెక్క సూచించెను. ముగ్గురు అభ్యర్థులున్నచో మొదటి స్థానమునకు 2 మార్కులు, రెండవదానికి 1, చివరిదానికి సున్న. మన గ్రామమున నాగలికి 123, బండికి 91, దీపమునకు 86 మార్కులు వచ్చును. ఆ దేశమువాడే యగు కొందొర్సే 1785లో ప్రకటించిన గ్రంథమున, ఇద్దరిద్దరిని ముఖాముఖి పోల్చి, ప్రతివారిని ఓడించగల వానినే ఎన్నుకొనవలెనని వాదించెను. ఆ లెక్కనును నాగలియే నిలుచును: బండిపై 58కి 42, దీపముపై 65కి 35.

చీట్లు అవే, వోటర్లు వారే. పద్ధతి మారినకొలది ముగ్గురిలో ఎవరైనను గెలువవచ్చును. కావున ఏ పద్ధతియన్నది ఎన్నికకు ముందే చట్టములో వ్రాసి యుండుట ఎంతయు అవసరము.

ఏ పద్ధతియు దోషరహితము కాదు. బోర్డా లెక్కలో గట్టి ప్రత్యర్థిని కావలెనని అడుగుకు త్రోయు ప్రలోభము కలదు. మన గ్రామమున బండివారు 42 మందియు నాగలిని మూడవ స్థానమునకు దింపిరనుకొందము. నాగలి 81కి దిగును. కాని దీపము 128కి పోయి గెలుచును, బండి 91 దగ్గరనే ఉండును. నాగలిని పడగొట్టబోయి, తమకు బొత్తిగా గిట్టని దీపమునే వారు గద్దె నెక్కించినవారగుదురు! ఇక ముఖాముఖి పోలికలో ఒక్కొక్కప్పుడు మొదటివాడు రెండవవానిని, రెండవవాడు మూడవవానిని, మూడవవాడు మరల మొదటివానిని ఓడించు విచిత్రము సంభవించును. దానిని కొందొర్సేయే గుర్తించెను. తొలగింపు పద్ధతిలోని లోపము మనము చూచినదే: ఎక్కువమందికి సమ్మతమైన నాగలి ముందే వెడలిపోయెను.

రైతుల వోట్లు చీలుటయే ఆస్ట్రేలియాలో ఈ సంస్కరణకు కారణమయ్యెను. 1918 అక్టోబరులో పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ ఉప ఎన్నికలో రైతుల అభ్యర్థియు, జాతీయవాది అభ్యర్థియు వోట్లు పంచుకొనగా, మూడవ వంతుకు కొంచెము మించిన వోట్లతో లేబరు అభ్యర్థి గెలిచెను. ఆ సంవత్సరముననే ప్రాధాన్యపు వోటు శాసనమయ్యెను. డిసెంబరులో కొరంగమైట్ ఉప ఎన్నికలో లేబరు అభ్యర్థి మొదటి లెక్కలో ముందున్నను, బదిలీ వోట్లతో రైతు సంఘపు అభ్యర్థి గెలిచెను. అక్కడి ప్రతినిధుల సభ ఎన్నికలలో వోటరు అభ్యర్థులందరికిని అంకె వేయవలెను. మన దేశమున మొదటి అంకె ఒక్కటే తప్పనిసరి.

మన దేశమున ఈ లెక్క పరీక్షకు వచ్చిన ఘట్టము 1969 నాటి రాష్ట్రపతి ఎన్నిక. డాక్టరు జాకీర్ హుస్సేన్ ఆ సంవత్సరము మే 3న మరణించుటచే ఏర్పడిన ఖాళీకి 15 మంది పోటీ చేసిరి. ముఖ్యులైన ఇద్దరును తెలుగువారే: కాంగ్రెసు అభ్యర్థి శ్రీ నీలం సంజీవరెడ్డి, స్వతంత్రుడుగా నిలిచి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ మద్దతు పొందిన శ్రీ వి. వి. గిరి. మూడవవారు శ్రీ సి. డి. దేశ్‌ముఖ్. ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు. చెల్లిన వోట్ల విలువ 8,36,337. గెలుపునకు కావలసిన కోటా 4,18,169. మొదటి అంకెలలో శ్రీ గిరికి 4,01,515, శ్రీ సంజీవరెడ్డికి 3,13,548, శ్రీ దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చెను. కోటా ఎవరికిని అందలేదు. చిన్న అభ్యర్థులను ఒక్కరొక్కరిగా తొలగించి, పిదప శ్రీ దేశ్‌ముఖ్ వోట్లను పంచగా శ్రీ గిరి 4,20,077కు చేరి 1,908 అధికముతో కోటా దాటిరి. శ్రీ సంజీవరెడ్డికి 4,05,427.

శ్రీ గిరి రెండవ ప్రాధాన్యములవలననే గెలిచిరను మాట నేటికిని వినబడుచుండును. అది సగము మాత్రమే నిజము. మొదటి లెక్కలోను వారే ముందుండిరి. బదిలీలలో వారికి చేరినవి 18,562 మాత్రమే. శ్రీ సంజీవరెడ్డికి 91,879 చేరెను. తదుపరి అంకె లేక ఎవరికిని చేరక మిగిలిన వోట్ల విలువ 10,833. అవి యన్నియు శ్రీ సంజీవరెడ్డికే వచ్చి యున్నను ఫలితము మారెడిది కాదు. ఆ సంవత్సరము నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలెను. 1977లో శ్రీ సంజీవరెడ్డి పోటీలేకయే రాష్ట్రపతియైరి.

మన పల్లెలలోని పట్టభద్రులకు ఈ విషయము దూరమైనది కాదు. 2021 మార్చిలో తెలంగాణమున రెండు పట్టభద్రుల స్థానములకు 71 మంది, 93 మంది పోటీ చేయగా, తొలగింపులు సాగి సాగి లెక్కింపు నాలుగవ దినమునకు గాని ముగియలేదు. ఇట్టి ఎన్నికలలో చెల్లని చీట్లు ఎక్కువగా వచ్చుటకు హేతువు అలవాటులేమియే. చదువుకొన్నవారే ఈ పొరపాటు చేయుట విచారకరము. టిక్కు గుర్తు చెల్లదు. ‘ఒకటి’ అని అక్షరములలో వ్రాసినను చెల్లదు, అంకెయే వేయవలెను. ౧, ౨ అను తెలుగు అంకెలు వేయవచ్చును. ఇద్దరికి 1 వేసినచో చీటి మొత్తము వ్యర్థమగును. ఇద్దరికి 2 వేసినచో మొదటి ప్రాధాన్యము వరకు మాత్రమే లెక్కకు వచ్చును. పోలింగు కేంద్రమున ఇచ్చిన కలముతోనే వ్రాయవలెను గాని జేబులోని కలము తీయరాదు. సంతకము గాని, పేరు గాని చీటిపై ఉండరాదు.