చేతికంటిన రంగు చెప్పేదెంత?

కొత్త పెళ్ళికూతురు గుమ్మంలో అడుగు పెట్టేముందు ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తాం. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు కలిపి, చిటికెడు సున్నం వేస్తే చాలు, పచ్చటి నీళ్ళు ఎర్రగా మారిపోతాయి. చీర మీద పడ్డ పసుపు మరకకి సబ్బు రాసినా అంతే. మరక పోకపోగా ఎర్రబడి కూర్చుంటుంది. ఆ ఎరుపుని బట్టి అక్కడ పసుపు పడిందని చెప్పొచ్చు. కానీ కావాలని ఎవరైనా పూశారా, చెయ్యి తగిలి ఒలికిందా అన్నది ఆ రంగు చెప్పదు కదా!

ఈ వంటింటి గొడవ ఇప్పుడెందుకంటారా? పేపర్లో తరచూ కనిపించే వార్త ఒకటుంది. లంచం తీసుకుంటూ ఏసీబీకి చిక్కిన ఉద్యోగి! పక్కనే ఫోటో. బల్ల మీద నోట్లు, సీసాలో గులాబీ రంగు నీళ్ళు, తల దించుకుని కూర్చున్న మనిషి. చూడగానే "బాగా అయింది" అనుకుంటాం. పాస్‌బుక్కు కోసమో, పెన్షన్ కాగితం కోసమో ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగిన వాళ్ళం, అనుకోకుండా ఎలా ఉంటాం?

కానీ ఆ ఫోటో పడిన రోజునే ఒక ఇంట్లో ఇల్లాలు పిల్లల్ని బడికి పంపాలా వద్దా అని గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఆయన నిజంగా అడిగి తీసుకున్నాడా, లేక ఎవరైనా ఇరికించారా? అది తేల్చవలసింది కోర్టు. మనం మాత్రం ఫోటో చూసే తీర్పు చెప్పేస్తాం.

వల ఎలా పన్నుతారు?

అవినీతి నిరోధక శాఖ వాళ్ళ దగ్గరికి ఎవరైనా వెళ్ళి "ఫలానా ఉద్యోగి లంచం అడుగుతున్నాడు" అని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తారు. ఇవ్వబోయే నోట్ల నంబర్లు మధ్యవర్తుల ఎదుట రాసుకుంటారు. నోట్లకి ఫినాఫ్తలీన్ అనే తెల్లని పొడి పూస్తారు. కంటికి పెద్దగా ఆనదు. ఉద్యోగి ఆ నోట్లు తీసుకోగానే ఫిర్యాది బయటికి సైగ చేస్తాడు. అధికారులు లోపలికి వచ్చి ఉద్యోగి వేళ్ళని సోడియం కార్బొనేట్, అదే, బట్టలకి వాడే సోడా కలిపిన నీళ్ళలో ముంచమంటారు. పొడి అంటి ఉంటే నీళ్ళు గులాబీ రంగులోకి మారతాయి. ఆ నీళ్ళని సీసాలో పోసి సీలు వేసి ల్యాబుకి పంపుతారు. మన పసుపు, సున్నం లాంటిదే ఇదీనూ.

ఆ చెయ్యి ఆ నోట్లని తాకిందని రంగు చెబుతుంది. అడిగి తీసుకున్నాడో లేదో మాత్రం చెప్పలేదు.

రెండు పాత కేసులు

సికింద్రాబాదులోని ఒక రేషన్ షాపు డీలరు, మండల రెవెన్యూ అధికారి తనని 250 రూపాయలు లంచం అడిగాడని 1995లో ఫిర్యాదు చేశాడు. వల పన్నారు, నోట్లు దొరికాయి. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. కానీ విచారణలో ఆ డీలరే మాట మార్చి, తనని లంచం అడగలేదన్నాడు. అడిగినట్టు చెప్పే ఇంకో సాక్ష్యం లేదు. నోట్లు దొరికినంత మాత్రాన నేరం రుజువు కాదంటూ సుప్రీంకోర్టు 2014లో ఆ అధికారిని నిర్దోషిగా వదిలేసింది. అప్పటికి పద్దెనిమిదేళ్ళు దాటాయి! 250 రూపాయల కేసు ఒక మనిషి ఉద్యోగ జీవితం మొత్తాన్నీ మింగేసింది.

రెండోది టైపు ఇన్‌స్టిట్యూట్ గుర్తింపు రెన్యువల్‌కి 500 రూపాయలు తీసుకున్నాడన్న కేసు. నిందితుడు సాంకేతిక విద్యాశాఖ అధికారి. విచారణ మొదలయ్యేసరికి ఫిర్యాది చనిపోయాడు. అసలు అడిగాడని చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. 2015లో సుప్రీంకోర్టు ఈ కేసూ కొట్టేసింది.

ఈ ఇద్దరూ మచ్చ లేని వాళ్ళని నేను అనడం లేదు. రుజువు లేకుండా శిక్ష వేయకూడదన్నదే ఇక్కడి సంగతి.

పట్టుకోవడం వేరు, పురిగొల్పడం వేరు

దొంగ వస్తాడని తెలిసి తలుపు చాటున కాపు కాయడం ఒకటి. ఆకలితో ఉన్నవాడి ముందు నగల పెట్టె తెరిచి పెట్టి, "తీసుకో, తీసుకో" అని బతిమాలి, తీసుకోగానే చెయ్యి పట్టుకోవడం ఇంకొకటి. రెండో పనికి న్యాయం ఎంతవరకు ఒప్పుకుంటుంది?

ఈ ప్రశ్న మన సుప్రీంకోర్టు ముందుకి 1954లోనే వచ్చింది. వింధ్యప్రదేశ్ మంత్రి రావు శివబహదూర్ సింగ్ 25,000 రూపాయలు తీసుకున్నాడన్న కేసు అది. కోర్టు ఆయన శిక్షని ఖాయం చేసింది. చేస్తూనే, ఇచ్చేవాడి దగ్గర డబ్బు లేకపోతే పోలీసులే సమకూర్చి లంచం ఇప్పించడం ఏం పద్ధతని మందలించింది. మేజిస్ట్రేటుని వల సాక్షిగా వెంట తీసుకెళ్ళడాన్ని కూడా తప్పుపట్టింది.

అమెరికాలో ఇంకో అడుగు ముందుకేశారు. మత్తుమందుల అలవాటు మానుకోవాలని వైద్యం చేయించుకుంటున్న ఒక మనిషికి, డాక్టరు దగ్గర పోలీసుల ఇన్‌ఫార్మర్ పరిచయమయ్యాడు. తను తట్టుకోలేకపోతున్నానని, ఎక్కడైనా ఇప్పించమని మళ్ళీ మళ్ళీ వేడుకున్నాడు. మొదట తప్పించుకున్న ఆ మనిషి చివరికి జాలిపడి తెచ్చిచ్చాడు. పట్టుబడ్డాడు. 1958లో అక్కడి సుప్రీంకోర్టు ఆ శిక్షని రద్దు చేసింది. ప్రభుత్వమే నేరాన్ని పుట్టించి, ప్రభుత్వమే శిక్షించడం తగదని దాని భావం.

మరి దొంగలు తప్పించుకోరా?

న్యాయమైన ప్రశ్నే. ఫిర్యాదు చేసినవాణ్ణి బెదిరించో, డబ్బిచ్చో మాట మార్పిస్తే కేసు పోవలసిందేనా? 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనికి జవాబిచ్చింది. తీర్పు రాసినది జస్టిస్ బి.వి. నాగరత్న. ఫిర్యాది చనిపోయినా, ఎదురు తిరిగినా కేసు దానంతటదే పోదు. మిగతా సాక్షులతో, పరిస్థితులతో నేరం రుజువు చేయొచ్చు. తను అడక్కపోయినా, లంచమని తెలిసి ఇస్తే పుచ్చుకోవడం కూడా నేరమే. అయితే ఏదైనా సరే రుజువు కావాలి, ఊహతో సరిపెట్టకూడదు.

తమాషా ఏమిటంటే, ఆ తీర్పుకి మూలమైన కేసులో నిందితురాలు ఢిల్లీ విద్యుత్ బోర్డులో పనిచేసిన ఒక మహిళా గుమాస్తా. కొత్త సూత్రం ప్రకారం చూసినా, అడిగిందన్న రుజువు లేదని 2023 మార్చిలో ఆమెని నిర్దోషిగా వదిలేశారు. దొంగలకి దారి మూసిన సూత్రమే నిర్దోషికి తలుపు తీసిందన్నమాట.

కాబట్టి వలలు వద్దని ఎవరూ అనడం లేదు. గుట్టుగా జరిగే లంచాన్ని వల వేయకుండా పట్టడం కష్టం. వల మాత్రం నేరం చేయబోయేవాడి కోసం పడాలి, నేరాన్ని తయారు చేయడానికి కాదు. ఈసారి పేపర్లో గులాబీ నీళ్ళ ఫోటో చూసినప్పుడు, ఆ ఇంటి పిల్లల్ని "మీ నాన్న..." అంటూ అడగబోయేముందు, పసుపు మరక ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

గుర్తుంచుకోండి

• ఎవరైనా లంచం అడిగితే ఇవ్వకముందే ఫిర్యాదు చేయండి. తెలంగాణలో ఏసీబీ ఫోను నంబరు 1064.

• 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చి ఉంటే 7 రోజుల్లోగా పోలీసులకో, ఏసీబీకో చెప్పాలి. ముందే చెప్పి, వాళ్ళ వలకి సాయంగా ఇస్తే మీకు ఇబ్బంది లేదు.

• ఎప్పుడు, ఎక్కడ, ఏ మాటలతో అడిగారో ఆ రోజే రాసిపెట్టుకోండి. కేసు నిలిచేది వాటిమీదే.

• ఇంట్లో ఉద్యోగస్థులుంటే, రసీదు లేని డబ్బు, ఫీజు అని చెప్పినా సరే, చేతిలోకి తీసుకోవద్దని చెప్పండి.

• పగతో తప్పుడు ఫిర్యాదు చేయడం మహా పాపం. అది ఒక మనిషితో ఆగదు, ఇల్లు మొత్తాన్నీ ముంచుతుంది.