మందుకూ మొలక పరీక్ష కావాలి

కణేకల్ మెట్టల్లో చెనిక్కాయ వేసే రైతు గుప్పెడు గింజలను తడి గోనెపట్టాలో చుట్టి, ఎన్ని మొలిచాయో చూసుకున్నాకే విత్తుతాడు. మొలవని విత్తనం మీద పదును పోగొట్టుకుంటే ఆ ఏడు మళ్లీ రాదు. పిత్తనాళ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవారికి కీమోథెరపీ మాత్రం ఇలాంటి పరీక్ష ఏదీ లేకుండానే మొదలవుతోంది. కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగుకు చేర్చే సన్నని గొట్టంలో పుట్టే ఈ జబ్బు చాలామందిలో ముదిరాకే బయటపడుతుంది. ఆపరేషన్‌కు వీలయ్యేది కొద్దిమందికే, వారిలోనూ ఎందరికో తిరగబెడుతుంది. అందుకే తర్వాతి మందు ఎంపికకు అంత విలువ.

బ్రిటన్‌లో 447 మందిపై జరిగిన బిల్‌క్యాప్ అధ్యయన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఆపరేషన్ తర్వాత కేపసిటబిన్ మాత్రలకు కేటాయించినవారి మధ్యస్థ జీవితకాలం 51.1 నెలలు, మిగతావారిది 36.4 నెలలు. గణాంక పరీక్షకు గట్టిగా నిలవకపోయినా ఈ తేడాను బట్టే ఆ మాత్రలు ప్రామాణిక చికిత్స అయ్యాయి. ఈ అంకెలు గుంపు సంగతి చెబుతాయి గానీ ఎదురుగా కూర్చున్న రోగి సంగతి చెప్పవు. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి చర్మం ఊడడం ఈ మందుకున్న పేరుమోసిన దుష్ఫలితం. కలుపు తీసి, చెనిక్కాయ పీకి బతికే చేతులు ఆరు నెలలు ఆ మంట భరించాలంటే, అది తనకు పనికొస్తుందో లేదో తెలుసుకునే హక్కు ఆ మనిషికి ఉంది.

ఆ జవాబుకు దారి ఆర్గనాయిడ్. నెదర్లాండ్స్‌లో హన్స్ క్లెవర్స్ బృందం 2009లో ఎలుక పేగు మూలకణం నుంచి బుల్లి పేగును పెంచింది. 2017లో మెరిట్చెల్ హుచ్ బృందం రోగుల కాలేయ, పిత్తనాళ కణితులను అలాగే పెంచింది. కోసి తీసిన కణితి ముక్కను విడగొట్టి, జెల్‌లో ఉంచి పోషకాలందిస్తే కణాలు చిన్న చిన్న ఉండలుగా, అంటే ఆర్గనాయిడ్లుగా, పెరుగుతాయి. వాటిపై మందులను రకరకాల మోతాదుల్లో వేసి చూస్తారు. కేపసిటబిన్ శరీరంలోకి వెళ్లాకే అసలు మందుగా మారుతుంది కనుక గిన్నెలో నేరుగా 5-ఫ్లోరోయురాసిల్ వేయాలి. ఆరోగ్యకరమైన నాళకణాలు క్యాన్సర్ కణాలను మించి పెరిగిపోతే ఫలితమే తప్పుతుంది. లండన్ పరిశోధకులు 2018లో జీర్ణవ్యవస్థ క్యాన్సర్లపై చేసిన చిన్న అధ్యయనంలో, పనిచేయదని ఆర్గనాయిడ్ చెప్పిన మందు రోగిలోనూ ప్రతిసారీ విఫలమైంది. పనిచేస్తుందన్న మాట 88 శాతమే నిజమైంది. అంటే తాలు ఏరడానికి ఇది మంచి చేట.

మరి 2021లో వెలువడిన డచ్ పరిశోధనలో ఆర్గనాయిడ్ చూపిన మందు వాడిన ఒక్క పేగు క్యాన్సర్ రోగికీ కణితి తగ్గలేదే అంటే, ఆ అభ్యంతరం బలమైనదే. గిన్నెలో రక్తనాళాలూ రోగనిరోధక కణాలూ ఉండవు. అయితే అక్కడ ప్రామాణిక చికిత్సలన్నీ విఫలమైనవారికి కొత్త మందులు ఇచ్చి చూశారు, సూదితో తీసిన చిన్న ముక్కల్లో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే పెరిగాయి. ఆపరేషన్‌లో ముక్క పెద్దది, పుండు మానే వారాల గడువూ దొరుకుతుంది. ఇంకో చిక్కుంది: కణితి తీసేశాక మందు పనిచేసిందో లేదో స్కాన్‌లో కనబడదు, తిరగబెట్టడాన్ని ఏళ్ల తరబడి గమనించాలి. కాబట్టి దీన్ని ఇప్పుడే మామూలు పరీక్షగా అమ్మడం తప్పు, క్లినికల్ ట్రయల్‌లో పెట్టకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. కొత్త మందుల పరీక్షల్లో ఆర్గనాయిడ్లకు 2023 నిబంధనల సవరణ మన దేశంలోనూ చోటిచ్చింది. హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధన కేంద్రం ఉంది, కర్నూలు, తిరుపతిలో క్యాన్సర్ ఆసుపత్రులు ఉన్నాయి. వీటిని కలిపే ట్రయల్ ఒకటి కావాలి. అయితే కోసిన ముక్కను పాథాలజీకి పంపే ఫార్మలిన్‌లో పడిన కణం చచ్చిపోతుంది, ఆర్గనాయిడ్‌గా పెరగదు. సర్జన్లారా, పాథాలజీకి కావలసినంత పంపాక, రోగి అనుమతితో శనగగింజంత ముక్కను చల్లని పోషకద్రవంలో దాచండి.